బైపాస్ తర్వాత ఏ వ్యాయామం, ఎప్పుడు: నడక, సైకిలు, యోగా, బరువుల మధ్య ఎంపిక

బైపాస్ ఆపరేషన్ చేయించుకుని ఇంటికి చేరినవారి డిశ్చార్జి కాగితాల్లో మందుల పట్టిక ఒకటి రెండు పేజీలు ఉంటుంది. వ్యాయామం గురించి మాత్రం చాలాసార్లు ‘రోజూ నడవండి, బరువులెత్తకండి’ అన్న ఒక్క వాక్యమే కనిపిస్తుంది. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. అయితే ఎంతసేపు నడవాలి, పిల్లలు కొని పెట్టిన ఎక్సర్‌సైజ్ సైకిలు తొక్కవచ్చా, ఇరవై ఏళ్లుగా చేస్తున్న సూర్యనమస్కారాలు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి, అసలు బరువు అంటే ఎన్ని కిలోలు అన్న ప్రశ్నలకు అందులో జవాబు దొరకదు. ఈ లోపల పలకరించడానికి వచ్చిన బంధువుల్లో ఒకరు మూడు నెలలు మంచం దిగవద్దంటారు, ఇంకొకరు తమ వియ్యంకుడు నెల తిరగకుండానే ఐదు కిలోమీటర్లు నడిచాడని చెబుతారు. రోగి ఎవరి మాట వినాలో తేల్చుకోలేక, భయం ఎక్కువైతే కదలడం మానేస్తాడు, ధైర్యం ఎక్కువైతే అతిగా కదులుతాడు.

ఇక్కడ చెప్పేదంతా ఛాతీ మధ్యలో ఎముకను కోసి చేసే సాధారణ బైపాస్ చేయించుకుని, పెద్ద ఇబ్బందులేవీ లేకుండా ఇంటికి వచ్చిన పెద్దవారిని దృష్టిలో పెట్టుకుని రాసినది. వాల్వు మార్పిడి, చిన్న కోతతో చేసే ఆపరేషన్, స్టెంటు వంటి వాటిలో వచ్చే తేడాలను తర్వాత చూద్దాం. మీ సర్జన్ మీకు ప్రత్యేకంగా ఏదైనా చెప్పి ఉంటే ఆ మాటే ముందు, ఈ వ్యాసం తర్వాత.

గుండెకు ఒక గడువు, ఎముకకు ఒక గడువు

ఆపరేషన్‌లో ఛాతీ ఎముకను నిలువునా కోసి తెరుస్తారు, పని పూర్తయ్యాక స్టీలు తీగలతో బిగించి మూస్తారు. తీగలు రెండు ముక్కలనూ కదలకుండా పట్టి ఉంచుతాయి తప్ప అతికించవు, అతుక్కోవలసింది ఎముకే. అందుకు మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. షుగరు అదుపులో లేనివారికి, పొగ తాగేవారికి, స్థూలకాయులకు, ఎముకలు పలచబడినవారికి ఇంకా ఆలస్యం కావచ్చు. గుండె సంగతి దీనికి భిన్నం. మూసుకుపోయిన గుండె రక్తనాళాలకు పక్కదారిగా కొత్తగా కుట్టిన నాళాల్లో ఆపరేషన్ రోజు నుంచే రక్తం పారుతుంది కాబట్టి, అంతకుముందు నాలుగడుగులు వేస్తే వచ్చిన ఛాతీ నొప్పి ఇప్పుడు చాలామందికి రాదు. మూడో వారమో నాలుగో వారమో వచ్చేసరికి మనిషి తేలిగ్గా, హుషారుగా ఉంటాడు. లోపల ఎముక మాత్రం ఇంకా సగం పనిలోనే ఉంటుంది. నా దృష్టిలో పొరపాట్లకు ఎక్కువ అవకాశం ఉన్న కాలం ఇదే. నొప్పిగా ఉన్నప్పుడు ఎవరూ స్కూటరుకు సెంటర్ స్టాండు వేయబోరు, నొప్పి తగ్గాకే వేస్తారు.

అందువల్ల ఏ వ్యాయామాన్నైనా రెండు ప్రశ్నలతో తూచి చూడాలని నా సలహా. అది ఛాతీ ఎముకను పక్కలకు లాగుతుందా, లేదా? శ్రమను కొద్దికొద్దిగా పెంచుకుంటూ, అనుకున్న క్షణంలో ఆపగలిగే వీలు అందులో ఉందా, లేదా? మొదటి మూడు నెలలు మొదటి ప్రశ్నదే పెత్తనం. ఆ తర్వాత రెండో ప్రశ్న ముందుకు వస్తుంది.

మంచం దిగవద్దనే బంధువు సలహాను ఇక్కడే పక్కన పెట్టేయవచ్చు. ఒకప్పుడు గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి పడుకోబెట్టేవారు. 1952లో అమెరికా వైద్యులు శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ ఆ రోగులను తొలి రోజుల్లోనే కుర్చీలో కూర్చోబెట్టి, దానివల్ల కీడు కన్నా మేలే ఎక్కువని చూపించారు. ఇప్పుడు బైపాస్ రోగిని కూడా ఒకటి రెండు రోజుల్లోనే లేపి కూర్చోబెడతారు, వార్డులో నడిపిస్తారు. పడుకుని ఉంటే ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది, కండ వేగంగా కరిగిపోతుంది. ఆసుపత్రిలో ఇచ్చిన మూడు బంతుల ఊపిరి పరికరాన్ని ఇంటికి రాగానే అటక మీద పెట్టేయకుండా కొన్ని వారాలు వాడడం కూడా వ్యాయామంలో భాగమే.

ఎముక విషయంలో ఎంత కఠినంగా ఉండాలన్న దానిపై వైద్యుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్‌లో ఆపరేషన్ అయిన రెండు వారాలకే పర్యవేక్షణలో వ్యాయామం మొదలుపెట్టినవారిని, ఆరు వారాలు ఆగి మొదలుపెట్టినవారితో పోల్చిన ఒక పరీక్ష ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ముందుగా మొదలుపెట్టినవారు ఏ విధంగానూ వెనకబడలేదు. అయితే వారు నిపుణుల కళ్ల ముందు, కొలిచి ఇచ్చిన వ్యాయామం చేశారన్నది మరచిపోకూడదు. ఇంట్లో ఒంటరిగా చేసేవారికి ఆ ఫలితం నేరుగా వర్తించదు.

శ్రమను దేనితో కొలవాలి

ఎంపికలను పోల్చే ముందు కొలబద్ద గురించి చెప్పాలి, ఎందుకంటే చాలామంది తప్పు కొలబద్ద పట్టుకుంటారు. 220లో నుంచి వయసు తీసేసి, అందులో ఇంత శాతం నాడి వేగం ఉండాలనే లెక్క జిమ్ గోడల మీద, ఫోను యాప్‌లలో కనిపిస్తుంది. బైపాస్ తర్వాత చాలామందికి మెటోప్రోలాల్, బిసోప్రోలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రలు ఇస్తారు. అవి నాడి వేగాన్ని కావాలనే తగ్గించి ఉంచుతాయి. కనుక ఆ లెక్క ప్రకారం రావలసిన అంకె కోసం పరుగెత్తితే, అంకె రాదు, ప్రాణం మీదికి వస్తుంది. ట్రెడ్‌మిల్ పరీక్ష అంటే టీఎంటీ చేసి డాక్టరు ఒక హద్దు చెప్పేదాకా, కూర్చున్నప్పుడు ఉండే నాడి వేగం కన్నా 20 నుంచి 30 వరకు మాత్రమే పెరిగేలా చూసుకోవడం, గుండె ఆపరేషన్ తర్వాత వ్యాయామం చేయించే పునరావాస నిపుణులు సాధారణంగా పాటించే పద్ధతి.

దీనికన్నా సులువైనది, చదువు లేనివారికి కూడా పనికొచ్చేది మాట పరీక్ష. నడుస్తూ పక్కవారితో ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగితే శ్రమ సరిపోయింది. మాట మధ్యలో తెగి గాలి పీల్చుకోవలసి వస్తే ఎక్కువైంది. హాయిగా పాట పాడుకుంటూ నడవగలిగితే కొంచెం పెంచవచ్చు. స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ రూపొందించిన 6 నుంచి 20 వరకు అంకెలుండే శ్రమ కొలమానం కూడా ఆసుపత్రుల్లో వాడతారు. అందులో 11 నుంచి 13 మధ్య, అంటే ‘తేలిక’కూ ‘కాస్త కష్టం’కూ నడుమ ఉండాలని చెబుతారు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు తండ్రికి స్మార్ట్ వాచీ పంపడం ఇప్పుడు మామూలైపోయింది. అది అడుగులు లెక్కపెట్టుకోవడానికి బాగానే పనికొస్తుంది. నాడి లెక్క మాత్రం, ముఖ్యంగా గుండె లయ తప్పినప్పుడు, పూర్తిగా నమ్మదగినది కాదు. బైపాస్ తర్వాత తొలి రోజుల్లో కొంతమందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పడం వస్తుంది. అది ఇంటికి వచ్చాక మళ్లీ తలెత్తితే వాచీలో అంకెలు పొంతన లేకుండా ఎగిరిపడుతుంటాయి. అలాంటప్పుడు వాచీని తిట్టుకుని మళ్లీ నడవకుండా, మణికట్టు దగ్గర వేళ్లు పెట్టి నాడి క్రమంగా కొట్టుకుంటోందో లేదో చూసుకుని, అనుమానంగా ఉంటే ఈసీజీ తీయించుకోవాలి.

నడక: పార్కులోనా, ఇంట్లోనా, ట్రెడ్‌మిల్ మీదా

మొదటి ఆరు వారాలకు నడకతో పోటీ పడగల వ్యాయామం లేదు. ఎముకను లాగదు, ఎప్పుడంటే అప్పుడు ఆపవచ్చు, ఖర్చు లేదు. ఇంటికి వచ్చిన మొదటి వారం ఐదు నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు చాలు. రెండు మూడు రోజులకొకసారి ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ పోతే, ఆరో వారం నాటికి చాలామంది ఒకేసారి అరగంట నడవగలరు. ముందు సమయం పెంచాలి, ఆ తర్వాతే వేగం. ఒకరోజు ఎక్కువ నడిచి మరునాడంతా పడుకోవలసి వస్తే ఆ ముందురోజు నడక ఎక్కువైనట్టే లెక్క. అప్పుడు రెండు రోజుల కిందటి కొలతకు వెనక్కి వెళ్లాలి. బైపాస్ కోసం కాలి నుంచి సిర తీసినవారికి ఆ పాదం, చీలమండ వాచడం సాధారణం. నడిచి వచ్చాక కాలు ఎత్తులో పెట్టుకుంటే వాపు తగ్గుతుంది. వాపు తగ్గకుండా పిక్క బిగుసుకుని నొప్పి పెడితే మాత్రం చూపించుకోవాలి.

ఎక్కడ నడవాలన్న దానికి నా జవాబు కాలాన్ని బట్టి మారుతుంది. మొదటి రెండు మూడు వారాలు ఇంటి హాలు, అపార్ట్‌మెంటు కారిడారు, మేడ మీది డాబా ఇవే మేలు. విసుగ్గా ఉంటుంది కానీ కుర్చీ పక్కనే ఉంటుంది, మనిషి పిలిస్తే పలుకుతాడు. రోడ్డు మీద నడకలో నాకు గుండె కన్నా కాలిబాట గురించి భయం ఎక్కువ. పగిలిన పలకలు, వెంటపడే కుక్కలు, వెనక నుంచి హారను కొట్టే బళ్లు. తూలి పడబోయినప్పుడు మనిషి తనకు తెలియకుండానే చేతులు ముందుకు చాచి నేలను ఆనుతాడు, ఆ దెబ్బ అంతా ఛాతీ ఎముక మీద పడుతుంది. నాలుగో వారం తర్వాత పార్కులు మంచి ఎంపిక, అయితే అన్ని పార్కులూ ఒకటి కావు. హైదరాబాదు కేబీఆర్ పార్కు దారిలో ఎత్తుపల్లాలున్నాయి. విశాఖ ఆర్కే బీచ్ రోడ్డు చదునుగా ఉంటుంది కానీ సముద్రపు ఉక్క ఎక్కువ. ఎత్తు ఎక్కడం సమతలం మీద నడకకన్నా గుండెను చాలా ఎక్కువగా కష్టపెడుతుంది కాబట్టి మొదట చదును, ఆ తర్వాతే ఎత్తు.

పార్కులో ఇంకొక చిక్కు స్నేహితుల గుంపు. కబుర్ల మీద నడిచే గుంపు దేవుడిచ్చిన వరం. ఎవరు ముందు చుట్టు పూర్తి చేస్తారన్న పంతం మీద నడిచే గుంపునుంచి మొదటి మూడు నెలలు మర్యాదగా తప్పుకోవాలి.

ఎండాకాలం గురించి వేరుగా చెప్పుకోవాలి. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా మన ప్రాంతంలో చాలాచోట్ల ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడుతున్నవారికి చెమటతో పాటు బీపీ కూడా పడిపోయి కళ్లు తిరగవచ్చు. అందుకే సూర్యోదయానికి ముందు గానీ, నేల వేడి తగ్గిన తర్వాత గానీ నడవాలి. అది కుదరకపోతే ఫ్యాను కింద ఇంట్లోనే నడవాలి. గుండె పంపింగ్ తక్కువగా ఉందని నీళ్లు కొలిచి తాగమని చెప్పినవారు ‘ఎండలో బాగా నీళ్లు తాగండి’ అన్న సాధారణ సలహాను పాటించకూడదు. ఎంత తాగాలో డాక్టరునే అడగాలి.

ట్రెడ్‌మిల్‌లో వేగం, సమయం కచ్చితంగా కొలవవచ్చు. వానాకాలంలోనూ, ఎండాకాలంలోనూ ఆటంకం ఉండదు. అది మన వేగాన్ని అనుసరించదు, మనమే దాని వేగాన్ని అనుసరించాలి. అలసిపోయిన మనిషికి అదే ప్రమాదం. నాలుగు నుంచి ఆరు వారాలు మామూలు నడక కుదిరిన తర్వాతే, వాలు సున్నా మీద ఉంచి, గంటకు రెండు మూడు కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టాలి. పడిపోతే యంత్రం ఆగేలా ఉండే క్లిప్పును బట్టలకు తగిలించుకోవాలి. పక్క కమ్మీలను గట్టిగా పట్టుకుని వేలాడేవారు తెర మీద కనిపించే కిలోమీటర్లను నమ్మి మోసపోతారు. బరువంతా చేతుల మీద వేస్తే కాళ్ల పని తగ్గుతుంది, ఛాతీ మీద లాగుడు పెరుగుతుంది. ఇప్పటికే ఇంట్లో ఉంటే వాడుకోవచ్చు గాని, ఇందుకోసమే కొత్తగా కొనమని నేను చెప్పను.

సైకిలు: హ్యాండిల్ కదిలేదా, కదలనిదా

మోకాళ్ల నొప్పులున్నవారికి, లావుగా ఉన్నవారికి నిలబడి నడవడం కన్నా కూర్చుని తొక్కడం తేలిక. కాబట్టి స్థిరంగా ఉండే ఎక్సర్‌సైజ్ సైకిలు నడక తర్వాతి స్థానంలో ఉంటుంది. అయితే ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఎయిర్ బైక్ అనే రకం. కాళ్లతో తొక్కుతూ చేతులతో హ్యాండిల్స్‌ను ముందుకూ వెనక్కూ నెట్టాలి, లాగాలి. ఒక చెయ్యి నెడుతుండగా ఇంకొక చెయ్యి లాగడం అంటే అతుక్కుంటున్న ఎముకకు రెండు పక్కలా వ్యతిరేక దిశల్లో బలం పడడమే. పన్నెండు వారాలు పూర్తయి, ఎముక గట్టిపడిందని డాక్టరు చెప్పేదాకా దానిని ముట్టకూడదు. ముట్టక తప్పదనుకుంటే చేతులు ఒళ్లో పెట్టుకుని కాళ్లతో మాత్రమే తొక్కాలి. కొన్ని మోడళ్లలో హ్యాండిల్స్‌ను కదలకుండా బిగించే వీలుంటుంది.

వీపు ఆనించుకుని, కాళ్లు ముందుకు చాచి తొక్కే రకం వీటన్నిటిలో మంచిది. చేతులకు పని ఉండదు, పడిపోయే భయం లేదు. అది దొరకకపోతే నిటారుగా కూర్చునే సాధారణ సైకిలైనా సరే, హ్యాండిల్ మీద వాలకుండా, నిరోధం అతి తక్కువలో పెట్టి ఐదు నిమిషాలతో ఆరంభించాలి. రోడ్డు మీద తొక్కే సైకిలు సంగతి వేరు. గుంతలు, హఠాత్తుగా బ్రేకులు, పడిపోవడం, ఎదురుగాలి ఇవన్నీ అందులో ఉన్నాయి కనుక మూడు నెలల తర్వాతి మాట. మోటారు సైకిలుకు కూడా ఇదే వర్తిస్తుంది. కిక్ కొట్టడం, బండిని వెనక్కి లాగడం నడపడం కన్నా ప్రమాదకరం.

యోగా: చేయవచ్చు, కానీ దేన్ని యోగా అంటున్నాం

మనవాళ్లకు మిగతా వ్యాయామాల కన్నా యోగా మీద నమ్మకం ఎక్కువ, ఆ నమ్మకానికి కొంత ఆధారం కూడా ఉంది. గుండెపోటు నుంచి కోలుకుంటున్నవారి కోసం రూపొందించిన యోగా కార్యక్రమాన్ని మన దేశంలోని 24 ఆసుపత్రుల్లో 3,959 మందిపై పరీక్షించి, ఫలితాలను 2020లో ప్రచురించారు. యోగా చేసినవారు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు, పాత పనుల్లోకి మెరుగ్గా తిరిగి వెళ్లగలిగారు. మళ్లీ గుండెపోటు, మరణం వంటి పెద్ద ప్రమాదాల సంఖ్యలో మాత్రం కచ్చితమైన తేడా కనిపించలేదు. అంటే యోగా మనిషిని నిలబెడుతుంది, మందులకూ నడకకూ బదులు కాదు. పైగా ఆ పరీక్షలో పాల్గొన్నవారు గుండెపోటు రోగులు. ఛాతీ ఎముక కోసినవారి కోసం ప్రత్యేకంగా చేసిన పరీక్ష కాదది.

యోగా అనే ఒక్క మాట కింద చాలా వేర్వేరు పనులున్నాయి. నెమ్మదిగా లోతుగా ఊపిరి తీసుకోవడం, ఊపిరి బిగబట్టకుండా చేసే అనులోమ విలోమాలు, కుర్చీలో కూర్చుని మెడ, భుజాలు, చీలమండలు కదపడం, దిండు ఆసరాతో శవాసనం ఇవి మొదటి వారాల్లోనే చేయవచ్చు. భుజాలు కదిపేటప్పుడు బరువు లేకుండా, రెండు చేతులనూ కలిపి, నొప్పి రాని మేరకే ఎత్తాలి. అసలు ఎత్తకుండా బిగదీసుకుని కూర్చున్నా భుజాలు పట్టేస్తాయి. సూర్యనమస్కారాలు, భుజంగాసనం, ధనురాసనం, అరచేతుల మీద బరువు వేసే ఏ ఆసనమైనా పన్నెండు వారాల లోపు వద్దు. సూర్యనమస్కారంలో ఉన్న దండె భంగిమ ఒక్కటే చాలు, ఎముక మీద శరీరంలో సగానికి పైగా బరువు మోపడానికి. శీర్షాసనం, సర్వాంగాసనం వంటి తలకిందుల ఆసనాలు, కుంభకం, భస్త్రిక, కపాలభాతి మూడు నెలలు దాటినా సొంతంగా మొదలుపెట్టకూడదు. ఊపిరి బిగబట్టి పొట్ట బిగిస్తే బీపీ ఒక్కసారిగా ఎగిసి పడుతుంది. మలబద్ధకంతో ముక్కడం కూడా ఇలాంటిదే కనుక, ఆపరేషన్ తర్వాతి మాత్రల వల్ల వచ్చే మలబద్ధకాన్ని సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి.

ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. నేల మీద చాప పరుచుకుని కూర్చోవడం కష్టం కాదు, లేవడం కష్టం. లేచేటప్పుడు రెండు చేతులూ నేల మీద మోపి శరీరాన్ని పైకి నెట్టుకుంటాం. నేల మీద భోజనానికి కూర్చున్నా, భారతీయ పద్ధతి మరుగుదొడ్డి వాడినా ఇదే జరుగుతుంది. అందువల్ల మొదటి రెండు మూడు నెలలు కుర్చీ, మంచం, కమోడ్ కుర్చీ ఇవే వాడాలి. మంచం మీద నుంచి లేచేటప్పుడు కూడా ముందు పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి, మోచేతి మీద భారం వీలైనంత తక్కువగా ఉంచుకుని లేవాలి.

బరువులు: డంబెల్ కన్నా బిందె ముందు

కండబలం కోసం బరువులెత్తే వ్యాయామం బైపాస్ రోగులకు నిషేధం కాదు, ఆలస్యంగా వచ్చేది. కనీసం నాలుగు వారాలు పర్యవేక్షణలో నడక, సైకిలు వంటివి చేసి, ఆపరేషన్ అయి ఐదు వారాలు దాటిన తర్వాత, కాళ్లతో మొదలుపెట్టి తేలికపాటి కసరత్తులు చేర్చవచ్చు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పది సార్లు లేచి కూర్చోవడం ఇందులో నాకు నచ్చినది. దానికి ఏ పరికరమూ అక్కర్లేదు, నిత్యజీవితంలో రోజూ పనికొస్తుంది. చేతులతో అసలైన బరువులు ఎనిమిది నుంచి పన్నెండు వారాల తర్వాతే. అర కిలో, ఒక కిలో డంబెల్‌తో మొదలుపెట్టి, పది పదిహేను సార్లు ఎత్తి, ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి.

జిమ్ముకు వెళ్లనివారికి కూడా ఈ హద్దులు వర్తిస్తాయి, ఎందుకంటే ఇల్లే జిమ్ము. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు రెండు నుంచి నాలుగు కిలోలకు మించి ఎత్తవద్దని చాలా ఆసుపత్రులు చెబుతాయి. నిండు నీళ్ల బిందె పది కిలోల పైమాటే. మంచినీళ్ల క్యాను ఇరవై కిలోలు. నిండు గ్యాసు సిలిండరులో గ్యాసే 14.2 కిలోలుంటుంది, ఇనుముతో కలిపి ముప్పై దరిదాపుల్లో తూగుతుంది. రెండేళ్ల మనవడు పది పన్నెండు కిలోలు. తాతను చూసి చేతులు చాచే ఆ పిల్లవాడు వీటన్నిటి కన్నా పెద్ద పరీక్ష. కూర్చుని ఉన్నప్పుడు ఎవరైనా తెచ్చి ఒళ్లో కూర్చోబెడితే తప్పులేదు, నేల మీద నుంచి ఎత్తుకోవడమే కూడదు. దుకాణం షట్టరు లేపడం, బోరింగు కొట్టడం, దుప్పట్లు పిండడం, పిండి కలపడంలో గట్టిగా నొక్కడం ఇవి బరువుగా కనిపించవు కానీ ఎముకను లాగడంలో డంబెల్‌కు తీసిపోవు. స్త్రీలకు ఇంటి పనిని ‘తేలిక పని’ అని ముద్రవేసి మూడో వారంలోనే వంటింట్లోకి పంపడం నాకు తరచూ కనిపించే అన్యాయం. రైతులకు పార పని, వీపున మందు పిచికారీ ట్యాంకు మోయడం మూడు నెలల తర్వాత, అదీ టీఎంటీ చూసి నిర్ణయించుకోవలసినవి. పదహారు లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే పదహారు కిలోలు.

ఈత, షటిల్ బ్యాడ్మింటన్ గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. గాయాలు పూర్తిగా మాని, ఎముక కుదిరి, పన్నెండు వారాలు దాటితేనే ఈత. ఒంటరిగా బావిలోనో కాలువలోనో ఎప్పుడూ వద్దు. షటిల్‌లో హఠాత్తుగా ఆగడం, తల మీదుగా కొట్టడం, పంతం మూడూ ఉన్నాయి. మూడు నుంచి ఆరు నెలల తర్వాత, టీఎంటీ బాగుంటే, పాయింట్లు లెక్కపెట్టుకోకుండా ఆడాలి.

ఆసుపత్రి పునరావాసమా, ఇంట్లోనా

ఆసుపత్రిలో ఈసీజీ మానిటరు పెట్టి, ఫిజియోథెరపిస్టు కళ్ల ముందు వారానికి రెండు మూడు సార్లు చేయించే కార్యక్రమాన్ని కార్డియాక్ రీహాబ్ అంటారు. అమెరికాలో మెడికేర్ బీమా 36 సెషన్ల వరకు దీనికి డబ్బు చెల్లిస్తుంది. మన దగ్గర పెద్ద నగరాల్లోని కొన్ని ఆసుపత్రులకే ఇది పరిమితం. ఇలాంటి వ్యాయామ కార్యక్రమాల వల్ల గుండె జబ్బుతో మరణాలు, మళ్లీ గుండెపోట్లు, ఆసుపత్రిలో చేరవలసిన అవసరం తగ్గుతాయని వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ చేసిన సమీక్షలు చెబుతున్నాయి. ఇంట్లో చేసిన కార్యక్రమాలు కేంద్రానికి వెళ్లి చేసినవాటికి దాదాపు సమానంగానే పనిచేశాయనీ అవి చెబుతున్నాయి. అయితే ఆ ‘ఇంటి కార్యక్రమం’లో నర్సు ఫోను, రాసుకునే పుస్తకం, వారం వారం లక్ష్యం ఉంటాయి. మనకు వీలైనప్పుడు నడవడాన్ని దానితో సమానం అనుకోకూడదు.

గుండె పంపింగ్ (ఎకో రిపోర్టులో ‘ఈఎఫ్’ అని రాసే అంకె) 40 శాతం కన్నా తక్కువ ఉన్నవారు, ఆపరేషన్ సమయంలోనో ఆ తర్వాతో గుండె లయ ప్రమాదకరంగా తప్పినవారు, ఇంకా ఛాతీ నొప్పి మిగిలినవారు, కొద్ది శ్రమకే బీపీ పడిపోయేవారు డబ్బు, దూరం ఎంతైనా సరే మొదటి కొన్ని వారాలైనా పర్యవేక్షణలోనే చేయాలి. ఇందులో నేను రాజీ పడను. పంపింగ్ 50 శాతం పైన ఉండి, ఏ ఇబ్బందీ లేకుండా కోలుకుంటున్నవారికి ఇంటి కార్యక్రమం చాలు. జిల్లా కేంద్రానికి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నవారికి మధ్యేమార్గం ఉంది. రెండు మూడు సార్లు వెళ్లి, ఆరు నిమిషాల నడక పరీక్ష చేయించుకుని, హద్దులు రాయించుకుని, మిగతాది ఇంట్లో చేస్తూ పుస్తకంలో తేదీ, నిమిషాలు, నాడి, బీపీ, ఎలా అనిపించిందో రాసుకుని తర్వాతి చెకప్‌కు తీసుకువెళ్లాలి. ఊళ్లో జిమ్ము ట్రైనరు ఎంత మంచివాడైనా ఈ మూడు మార్గాల్లో దేనికీ బదులు కాదు.

కొందరికి మారే హద్దులు, వెంటనే ఆపవలసిన సందర్భాలు

వాల్వు మార్చినవారికీ ఎముక గడువు ఇదే. రక్తం పలచబడే వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి మాత్రలు వాడుతుంటే పడిపోయే, దెబ్బ తగిలే ఆటలు ఎప్పటికీ తగ్గించుకోవాలి. పక్కటెముకల మధ్య చిన్న కోతతో ఆపరేషన్ అయినవారికి ఛాతీ ఎముక చెక్కుచెదరదు కాబట్టి చేతులకు స్వేచ్ఛ త్వరగా దొరుకుతుంది, కానీ పక్కటెముకల నొప్పి ఎక్కువ రోజులుంటుంది. స్టెంటు మాత్రమే వేయించుకున్నవారికి ఎముక సమస్యే లేదు. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో సూది గుచ్చిన చోటు మానేదాకా కొద్ది రోజుల జాగ్రత్త చాలు, ఆ తర్వాత గుండె పరిస్థితే నిర్ణయిస్తుంది. పక్కింటాయన స్టెంటు తర్వాత పది రోజులకే స్కూటరు నడిపాడన్నది అందుకే మీకు ప్రమాణం కాదు.

షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు వ్యాయామానికి ముందు షుగరు చూసుకోవాలి. 100 కన్నా తక్కువ ఉంటే ఏదైనా తిని బయలుదేరాలి, జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలు ఉంచుకోవాలి. బీటా బ్లాకర్ వాడేవారికి షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ సరిగా తెలియకపోవచ్చు. చెమట పట్టడమే గుర్తు కావచ్చు.

ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, మాట రానంత ఆయాసం, కళ్లు తిరగడం, చల్లటి చెమటలు, గుండె క్రమం తప్పి కొట్టుకోవడం వీటిలో ఏది వచ్చినా నడక అక్కడికక్కడే ఆపి కూర్చోవాలి. నాలుక కింద పెట్టుకునే మాత్ర డాక్టరు రాసి ఇచ్చి ఉంటే వేసుకోవాలి. కూర్చున్నా కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే 108కు ఫోను చేయాలి, సొంతంగా బండి నడుపుకుని వెళ్లకూడదు. దగ్గినప్పుడో పక్కకు తిరిగినప్పుడో ఛాతీ ఎముక దగ్గర టక్కుమని చప్పుడు, కదిలినట్టు అనిపించడం, కుట్ల దగ్గర చీము, జ్వరం ఉంటే అన్ని వ్యాయామాలూ ఆపి సర్జన్‌ను కలవాలి. ఒక్క రోజులో కిలోకు మించి గానీ వారంలో రెండు కిలోలకు మించి గానీ బరువు పెరిగితే అది కండ కాదు, ఒంట్లో చేరిన నీరు.

చివరిగా మొక్కు సంగతి. ఆపరేషన్ బల్ల మీదికి వెళ్లే ముందు చాలామంది తిరుమల కొండ మెట్లెక్కి వస్తామని మొక్కుకుంటారు. అలిపిరి దారిలో మెట్లు దాదాపు 3,550, అదీ తొమ్మిది కిలోమీటర్ల దూరం. ఇంట్లో రెండంతస్తులు ఆగకుండా ఎక్కి పూర్తి వాక్యం మాట్లాడగలగడం, టీఎంటీలో మార్పులేవీ లేకపోవడం, అప్పటికే నెలల తరబడి ఎత్తుపల్లాల మీద గంటసేపు నడిచిన అలవాటు ఉండడం, ఇవన్నీ కుదిరాక కార్డియాలజిస్టును అడిగి వెళ్లవలసిన దారి అది. అప్పటిదాకా బస్సులో కొండెక్కి దర్శనం చేసుకోవచ్చు. మొక్కుకు గడువు పెట్టుకున్నది మనమే కదా.